పదకొండో మేకు

మా ఇంటి గోడకు నలభై మేకుల పలక ఒకటి ఉంది. ఒక్కో మేకుకు ఒక్కో ఇత్తడి బిళ్ళ. కొండెక్కేవాళ్ళు పొద్దున బిళ్ళ తీసుకుని ఎక్కాలి, సాయంత్రం దిగి వచ్చి అదే మేకుకు తగిలించాలి. పొద్దు వాలేవేళకు ఏ మేకైనా బోసిగా కనబడిందంటే ఆ మనిషి ఇంకా కొండ మీదే ఉన్నట్టు. అప్పుడు మా ఆయన తాడు భుజాన వేసుకుని వెతకబోతాడు. ఆ కొండదారికి ఆయన కాపరి. బిళ్ళలు ఇచ్చేదీ పుచ్చుకునేదీ నేను.

ఒక్క పదకొండో మేకు మాత్రం ఎప్పుడూ బోసిగానే ఉండేది. ఆ బిళ్ళ కథ వేరు. పెళ్ళికి ముందు మా పిన్నితో కలిసి ఈ కొండెక్కినప్పుడు నాకిచ్చిన బిళ్ళ అది. తిరిగి ఇవ్వడం మరిచిపోయి ఇంటికి పట్టుకుపోయాను. దానికోసం ఈయన మా ఇంటికి మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి బిళ్ళ అడిగాడు. రెండోసారి నీళ్ళు తాగి, బిళ్ళ గురించి అడగబోయి మానేశాడు. మూడోసారి దాని ఊసే ఎత్తలేదు. పెళ్ళయ్యాక అది మళ్ళీ పలకెక్కలేదు. పిల్ల పుట్టాక ఉయ్యాల తాడుకు కట్టాను. సాయంత్రం పలక చూసేటప్పుడు మా ఇద్దరి కళ్ళూ పది నుంచి పన్నెండుకు వాటంతటవే దూకేవి.

ఇది కొలతలావిడ వచ్చిన ఏటి సంగతి.

మా కొండ సముద్రంలోంచి లేచి నిలబడినట్టు ఉంటుంది. వానలు వెనకపట్టాక మూడు నెలలే దారి తెరుస్తారు. నేల వైపు నుంచి రాళ్ళదారి, మూడు గంటల ఎక్కుడు. మొదట ముళ్ళపొదలు, తర్వాత ఊట, ఆపైన ఒంటె మూపురం లాంటి సన్నటి గట్టు, అది దాటితే శిఖరం. మనిషి తప్పిపోకుండా రాళ్ళ మీద సున్నంతో బొట్లు పెట్టి ఉంటాయి. ఇంకో దారి నీళ్ళ వైపు ఉంది. శిఖరం మీంచి ఒక గండి గుండా ఒడ్డుకు దిగి, సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన బండను కిందినుంచి చుట్టి రావాలి. ఆటుకు నీళ్ళు వెనక్కు తీసినప్పుడే ఆ ముక్కు కింద అడుగు పెట్టడానికి ఇసుక తేలుతుంది. ఆ దారి ఏ పటంలోనూ లేదు. ముక్కు అవతల పుట్టినవాళ్ళకు తెలుసు, అంటే మాకు. మా నాన్న ఆ ఒడ్డున గుల్లలు ఏరి సున్నం కాల్చేవాడు. ఏడో తరగతి మధ్యలో బడి మానేసి నేనూ బుట్ట పట్టుకున్నాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయనను ఆ దారి వెంట ఒక్కసారి నడిపించాను. "ఇది నాది. ఎవరికీ చెప్పకు" అంటే ఒట్టు కూడా వేశాడు.

కొండకు కొత్త పటం గీయమని పై ఆఫీసు పంపితే వచ్చింది ఆ కొలతలావిడ. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. మగవాళ్ళ బూట్లు, మూడు కాళ్ళ యంత్రం, నడుముకు ఇనప కొలబద్ద చుట్ట. కొండ కింద బంగళాలో దిగింది గానీ రెండు పూటలా భోజనం మా ఇంట్లోనే. యంత్రం మా ఆయన మోసేవాడు.

నాతో ఆయన రోజుకు మూడు మాటలు మాట్లాడతాడు. "ఉందా", "చాలు", "పడుకో". అలాంటి మనిషి ఆవిడ ముందు కూర్చుని మేఘం ఏ గాలికి ఏ పక్కనుంచి పైకి వస్తుందో, ఊట ఎన్నాళ్ళకు ఇంకుతుందో, గట్టు మీద ఏ రాయి కదులుతుందో చెప్తుంటే, ఈయన నోట్లో ఇన్ని మాటలు ఎక్కడ దాక్కున్నాయా అనుకున్నాను. ఆవిడ తల ఊపుతూ రాసుకునేది. నేను గిన్నెలు చప్పుడయ్యేలా తోమేదాన్ని.

శిఖరం మీది సత్రానికి నీళ్ళు మోసే గాడిదల తాత ఇవన్నీ కనిపెట్టాడు. ఆయనకు అదొక సరదా.

"ఏమే మనవరాలా, మీ ఆయన ఈ మధ్య కొండెక్కుతున్నాడా, ఎగురుతున్నాడా?"

"నీ గాడిదల్ని చూసుకో తాతా."

"వాటికేం, బంగారు తల్లులు. బరువు దించగానే ఇంటిదారి పడతాయి."

నేను నవ్వాను. నవ్వుతూనే ఊడ్చిన వాకిలి మళ్ళీ ఊడ్చాను.

ఆవిడ చెడ్డదని ఎలా చెప్పను? అదే నా బాధ. తిన్న పళ్ళెం తనే కడిగేది. నన్ను "చెల్లీ" అని పిలిచేది. ఆ పిలుపు కూడా నాకు పుండు మీద కారంలా ఉండేది. ఎవరికి చెల్లెల్ని?

అప్పటికి మా పిట్టకు ఏడాది దాటి నాలుగు నెలలు. దాని పేరు వేరే ఉంది గానీ ఇంట్లో అందరికీ పిట్టే. నడక ఇంకా రాలేదు. రానిచ్చానా? మా వాకిలి పది అడుగుల తర్వాత ఆగిపోతుంది, ఆ కింద లోయ. నేను పొయ్యి దగ్గరుంటే పిల్ల నడుముకు పేనిన నూలు తాడు కట్టి, రెండో కొస మంచం కోడుకు ముడేసేదాన్ని. అయినా పాలు పొంగుతుంటే రెండుసార్లు, కూర కలుపుతుంటే రెండుసార్లు వచ్చి ముడి చూసుకునేదాన్ని. నా గుండె ఎప్పుడూ ఆ తాడు కొసనే కొట్టుకునేది.

ఒక మధ్యాహ్నం నేను పెరట్లోంచి వచ్చేసరికి ముడి విప్పి ఉంది. పిట్ట మంచం పట్టుకుని నిలబడింది. రెండు మూరల దూరంలో కొలతలావిడ వాకిలికి అడ్డంగా కూర్చుని, ఇనప కొలబద్దను బయటికి లాగి టక్కున వదులుతోంది. ఆ చప్పుడుకు పిల్ల కిలకిలా నవ్వింది. మంచం వదిలేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆవిడ ఒళ్ళో పడింది.

"నడిచింది! చూశారా మేడం, నడిచేసింది!" అని గడపలోంచి మా ఆయన గెంతేశాడు. చూశారా మేడం! కన్నదాన్ని, పక్కనే ఉన్నదాన్ని, నన్ను అడగలేదు చూశావా అని.

"ముడి ఎవరు విప్పమన్నారు?" అన్నాను.

"కట్టేసి ఉంచితే నడక ఎప్పుడొస్తుంది చెల్లీ? నేను అడ్డంగానే కూర్చున్నాగా," అందావిడ నెమ్మదిగా.

నేను పిల్లను లాక్కున్నాను. పిట్ట నా భుజం మీంచి ఆవిడ వైపు రెండు చేతులూ చాచి ఏడ్చింది. అది మొదటిసారి నడిచిన దారి కూడా ఆవిడ దాకానే.

మరుసటి వారం భోజనాలయ్యాక ఆవిడ నేల మీద పటం పరిచింది. గీతల మీద గీతలు, వేలిముద్రలా. మా ఇల్లు ఒక చుక్క. నేల వైపు దారి ఎర్రటి గీత. ఆవిడ పెన్సిల్ పట్టుకుని నీళ్ళ వైపు తెల్లగా ఉన్న చోట ఆగింది.

"ఇక్కడ గండి, ఇక్కడ ముక్కు. మీవారు చెప్పారు. ఇది తేలితే శిఖరానికి రెండో దారి దొరికినట్టే. ఒకరోజు నడిచి చూస్తాను."

నేను ఆయన వంక చూశాను. ఆయన ఇంటి కప్పు వంక చూశాడు.

ఆవిడ వెళ్ళాక అడిగాను. "ఒట్టేశావు."

"పటం కోసమేగా. పదిమందికీ పనికొస్తుంది."

"నేను పదిమందికి ఇవ్వలేదు. నీకిచ్చాను."

"దారి మీద కూడా అలకేమిటే? అది ఎక్కడికి పోతుంది?"

నోట్లో నువ్వుగింజ నానని మనిషికి నా దారి ఇచ్చినందుకు ముందు నన్ను నేను తిట్టుకున్నాను. ఆ తర్వాత ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. ఈయన మాటలు, పిల్ల అడుగులు, ఇప్పుడు నా దారి. ఇంకేం మిగిలింది?

సెలవు రోజొకటి వచ్చింది. ఆయన సున్నం తెస్తానని తెల్లారగట్లే పట్నం వెళ్ళాడు. తొమ్మిదయ్యేసరికి పలక ఖాళీ. ముప్పై తొమ్మిది బిళ్ళలూ జనం పట్టుకుపోయారు. అప్పుడొచ్చింది ఆవిడ, భుజాన సంచితో.

"ఇవాళ గట్టు మీదుగా ఎక్కి నీళ్ళ వైపు దిగుతాను చెల్లీ. బిళ్ళ ఇవ్వు."

"లేవు."

"అయితే బిళ్ళ లేకుండానే పోనా?"

బిళ్ళ లేకుండా ఎవర్నీ పంపను. అది మా ఇంటి నియమం, నా చేతిలో ఉన్న ఒకే ఒక్క అధికారం. ఉయ్యాల తాడు ముడి విప్పి పదకొండు తీసిచ్చాను. ఎందుకిచ్చానంటే నియమం కోసమే. కానీ ఇచ్చేముందు దాన్ని కొంగుతో తుడిచాను.

"ఇది మాత్రం పోగొట్టకండి," అన్నాను.

ఆవిడ దాన్ని దారానికి గుచ్చి మెళ్ళో వేసుకుంది. తర్వాత జేబులోంచి చిన్న పుస్తకం తీసి చూసింది. అందులో ఏ రోజు ఏ వేళకు ఆటు, ఏ వేళకు పోటు అన్నది అచ్చేసి ఉంటుంది. "రెండింటికి ఆటు. నాలుగున్నర దాకా ముక్కు కింద దాటొచ్చు," అంది.

దాటలేరు. నాకు తెలుసు. ముక్కు వెనక రాళ్ళ మధ్య ఒక సందుంది. ఎదురుగా ఇసుక ఆరి కనిపిస్తుండగానే ఆ సందులోంచి పోటు వెనకగా వచ్చేస్తుంది, పుస్తకం చెప్పిన దానికన్నా గంట ముందు. మేం దాన్ని వెనకనీళ్ళు అనేవాళ్ళం. మా నాన్న గుల్లల బుట్ట సగం నిండగానే "చాలు, పదండి" అనేది అందుకే.

నోటిదాకా వచ్చింది. చదువుకున్నావిడ, పుస్తకం ఉంది, నా మాటెందుకు అనుకున్నాను. అనుకోవడం కాదు, అలా అని సర్దిచెప్పుకున్నాను. ఆవిడ పిట్ట బుగ్గ గిల్లి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మూడు దాటాక సముద్రం మీంచి మేఘం లేచింది. అది లేచిన రోజు జనం గబగబా దిగేస్తారు. బిళ్ళలు టింగుటింగుమని మేకులెక్కాయి. చివర గాడిదల తాత వచ్చి, "పైన పిట్ట లేదు, పురుగు లేదు. సత్రానికి తాళం వేశాను," అని చెప్పి వెళ్ళాడు.

నాలుగున్నరకు మా ఆయన వచ్చాడు. నేను పిట్టను ఒళ్ళో వేసుకుని పాలలో నానబెట్టిన రొట్టె తినిపిస్తున్నాను. గిన్నె నిండుగా ఉంది. ఆయన సున్నం బస్తా దించి, అలవాటుగా పలక ముందు నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. పది, పన్నెండు.

"హమ్మయ్య, అందరూ దిగారు. మేడం ఇవాళ ఎక్కలేదన్నమాట."

ఆ మాటలో కొంచెం నిరాశ ఉంది. ఉందా, నాకే వినబడిందా, ఇప్పటికీ చెప్పలేను. ఆయన సంచిలోంచి మైనపు గుడ్డ ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. "మేడం పటాలు తడవకుండా," అన్నాడు. నాకోసం ఏమీ తేలేదు. ఏమైనా తెమ్మని నేనూ చెప్పలేదనుకోండి.

చెంచా పిల్ల నోటికి అందించాను. పిల్ల మింగింది. ఇంకో చెంచా. ఆయన కాళ్ళు కడుక్కున్నాడు. ఇంకో చెంచా. కిటికీలో లోయ కనబడడం మానేసింది, తర్వాత వాకిలి చివర కూడా. ఆయన సున్నం బస్తా మూతి విప్పి ఉండలు చిదుపుతూ కూర్చున్నాడు. బంగళాలో బట్టలు ఆరేసుకుంటోందేమో, ఏమో, వచ్చేసిందేమో వేరే దారిన అని నాకు నేనే కథలు చెప్పుకున్నాను. చెంచా గిన్నె అడుగును గీరింది.

కడుపు నిండిన పిట్ట ఉయ్యాల వైపు ఒరిగి చేయి చాచింది. తిన్నాక ఆ బిళ్ళను ఆడించుకోవడం దాని అలవాటు. తాడు పట్టుకుంది. బిళ్ళ లేదు. ఖాళీ ముడిని అటు తిప్పి ఇటు తిప్పి నా మొహంలోకి చూసింది.

"పదకొండు బయట ఉంది," అన్నాను.

ఆయన తలెత్తాడు. "ఏ పదకొండు?"

"మన పదకొండు."

ఆయన ఉయ్యాల చూశాడు, పలక చూశాడు. మూలనున్న తాడు అందుకుని గట్టుదారి వైపు పరుగు తీయబోయాడు.

"అటు కాదు. ముక్కు దగ్గర. నువ్వు చెప్పిన దారే."

"పుస్తకం చూసుకునే వెళ్ళి ఉంటుందిగా!"

"పుస్తకంలో వెనకనీళ్ళు ఉండవు."

"వెనకనీళ్ళేమిటి? నాకెప్పుడూ చెప్పలేదే!"

"నిన్ను తీసుకెళ్ళినరోజు నేను పక్కనున్నాగా. చెప్పే అవసరం రాలేదు."

పిల్లను తీసుకెళ్ళి ఆయన చేతుల్లో పెట్టాను. పుట్టాక దాన్ని వదిలి ఇల్లు విడిచి వెళ్ళడం అదే మొదలు. "నువ్వు అటు నడిచింది ఒక్కసారే, ఈ మేఘంలో అసలే కనబడదు. నేను పోతాను. నువ్వు పట్టా కొడుతూ ఉండు." వాకిట్లో పాత రైలుపట్టా ముక్క వేలాడుతుంటుంది. మేఘం కమ్మినప్పుడు దాని మీద కొడితే ఇల్లు ఎటుందో పైవాళ్ళకు తెలుస్తుంది. ఆయన తాడు మోస్తే ఆ సన్నటి జాడలో నడక సాగదని, పిట్ట నడుముకు కట్టే నూలు తాడు చుట్టంతా మంచం కోడు నుంచి విప్పి మొలకు చుట్టుకున్నాను.

మా ఇంటి పక్కనుంచి గొర్రెలు పోయే సన్నటి జాడ ముక్కు నెత్తికి చేరుతుంది. కళ్ళకు తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. పాదాలకు మాత్రం తెలుసు. వెనక ఖంగు ఖంగుమని పట్టా మోత, మధ్యమధ్య పిల్ల ఏడుపు. ఆ ఏడుపుకు రెండుసార్లు ఆగిపోయాను. రెండుసార్లూ కింద సముద్రం మోత విని మళ్ళీ నడిచాను. నాకు తెలిసిన దేవుళ్ళందర్నీ తలుచుకున్నాను గానీ ఏమడగాలో తెలియలేదు. ఆవిడ బతికుండాలనా, నేను ఆలస్యం చేసిన సంగతి ఎవరికీ తెలియకూడదనా?

బండ అంచున పడుకుని కిందికి కేకేశాను. "మేడం!"

"ఇక్కడ!" గొంతు బొంగురుపోయింది. "ఇక్కడే ఉన్నాను!"

రెండు నిలువుల కింద అరచేతి వెడల్పు అరుగు మీద బండకు అతుక్కుని నిలబడింది. నడుము దాకా తడిసింది. సంచి నెత్తిన పెట్టుకుంది. నీళ్ళు ఆమె బూట్లు నాకుతున్నాయి.

"నేను వచ్చేటప్పటికి పుస్తకం ప్రకారం ఇంకా టైముంది!" అని అరిచింది, తప్పు నాదన్నట్టు.

"సముద్రానికి చదువు రాదు మేడం. సంచి వదిలేయండి."

"పటాలున్నాయి ఇందులో!"

"అయితే ముందు సంచి కట్టండి, తర్వాత మీరు కట్టుకోండి. తొందరగా."

తాడు కొస ఒక రాతికి చుట్టి, కాళ్ళు తన్నిపెట్టి లాగాను. గుల్లల బుట్టలు లాగిన చేతులు. ఆవిడ మోకాళ్ళు గీరుకుంటూ పైకొచ్చి నా పక్కన బోర్లా పడింది. చాలాసేపు ఇద్దరం ఒగర్చాం. తర్వాత ఆవిడ మెడలోంచి దారం తీసి నా చేతిలో పెట్టింది.

"పోగొట్టొద్దన్నావుగా."

బిళ్ళ ఆవిడ ఒంటి వేడికి వెచ్చగా ఉంది. నా మొహం దాచుకోవడానికి మేఘం ఉండబట్టి సరిపోయింది.

"పొద్దున్నే చెప్పాల్సింది నేను. వెనకనీళ్ళ సంగతి," అన్నాను.

"నేను అడగలేదుగా." బూటులో నీళ్ళు వంపుతూ అందావిడ. "దారి నీదని మీ ఆయన చెప్పాడు. అయినా నిన్ను అడగలేదు. చంటిపిల్లను కట్టేసుకుని భయపడుతూ కూర్చునే మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను."

నన్ను ఎవరూ అంత సూటిగా అవమానించలేదు, అంత సూటిగా ఒప్పుకోనూ లేదు. ఏడవాలో నవ్వాలో తెలియక, "పదండి, పిల్ల ఏడుస్తోంది," అన్నాను. పట్టా మోత పట్టుకుని ఇంటికొచ్చాం.

తర్వాత పది రోజులు ఆవిడ నేల మీద పటం పరిచి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఏ నెలలో వెనకనీళ్ళు ఎంత ముందొస్తాయో, గండిలో ఏ మెట్టు జారుతుందో నేను చెప్పాను, ఆవిడ రాసుకుంది. మా ఆయన గడప మీద కూర్చుని, మాట కలపబోయి, సందు దొరక్క సున్నం కలుపుకునేవాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. అన్నాళ్ళూ నా కళ్ళల్లో కాపురముంది అది. నాకు జాలి వేసింది. తియ్యగా కూడా ఉంది, అబద్ధమెందుకు.

పటం అచ్చయి వచ్చేసరికి దారి మూసే రోజులొచ్చాయి. నీళ్ళ వైపు సన్నటి చుక్కల గీత. పక్కన చిన్న అక్షరాలు. కూడబలుక్కుని చదివాను: 'పోటు పుస్తకంలోని వేళకు ఈ చోటు లొంగదు. దారి కాపరి ఇంట్లో బిళ్ళలిచ్చే ఆమెను అడిగి వెళ్ళవలెను.' ఆమెను అని ఉంది. ఆయనను అని కాదు. రెండుసార్లు చదివాను.

ఆ సాయంత్రమే మా ఆయన పలక తుడుస్తూ, నా వైపు తిరగకుండా అన్నాడు. "ఆ రోజు నేను వచ్చేసరికి గిన్నె నిండుగా ఉంది."

నేను పిట్ట గౌనుకు గుండీ కుడుతున్నాను. సూది ఆగిపోయింది.

"నువ్వు చెప్పేసరికి ఖాళీ అయింది," అన్నాడు.

"అవును," అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన పదకొండో మేకును బొటనవేలితో రుద్దాడు. ఏడేళ్ళ తుప్పు.

"దారి సంగతి నోరు జారాను. నాదే తప్పు. కానీ పలక మీద ఇక ఖాళీ మేకు ఉండకూడదు," అన్నాడు. అని అరచేయి చాపాడు.

బిళ్ళ ఆయన చేతికివ్వలేదు. ఉయ్యాల తాడు నుంచి నేనే విప్పి, నేనే తీసుకెళ్ళి మేకుకు తగిలించాను. పిట్ట నా వెనకే వచ్చింది, తాడు లేకుండా, తప్పటడుగులతో. దాని బిళ్ళ గోడకెక్కినందుకు కాసేపు ఏడ్చింది. ఆయన ఎత్తుకుని సముదాయించాడు. నన్ను మాత్రం ఎవరూ సముదాయించలేదు. అడిగే మొహమూ లేదు నాకు.

ఆ తర్వాత ఎన్నో నడక కాలాలు వచ్చాయి. పదకొండు ఎవరెవరి చేతుల్లోనో కొండెక్కింది, దిగింది. బూట్లు వేసుకున్న ఆడమనిషి ఎవరైనా మా ఆయనతో నవ్వుతూ మాట్లాడితే కడుపులో ఇప్పటికీ చిన్న మంట లేస్తుంది. బిళ్ళ ఇస్తాను. వెనకనీళ్ళ సంగతి రెండుసార్లు చెప్తాను. సాయంత్రం పలక ముందు నిలబడి, లెక్క పదకొండుతోనే మొదలుపెడతాను.